చిన్న వ్యాపారంలో కొత్త ఆలోచన: ముడి ఎక్కడుందో అక్కడే పని

క్లుప్తంగా: చిన్న వ్యాపారంలో సృజన అనగానే కొత్త రకం సరుకు, ఆకట్టుకునే బోర్డు, వైరల్ అయ్యే రీల్ గుర్తుకొస్తాయి. నిజంగా నిలబడిన ఉదాహరణలను దగ్గరగా చూస్తే మార్పు జరిగిన చోటు వేరుగా కనిపిస్తుంది. ఎక్కడ పని ఆగిపోతోందో, ఎక్కడ కొనేవాడి చెయ్యి వెనక్కి పోతోందో ఆ ముడి దగ్గరే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించారు. పోచంపల్లి ఆసు, కడలూరు షాంపూ సాచెట్, ఆత్రేయపురం పూతరేకు, ఏటికొప్పాక బొమ్మ, ఊరూరా కనిపించే కర్రీ పాయింట్ ఆధారంగా ఆ తీరును వివరించే ప్రయత్నం ఇది. నకలు సమస్య, ప్రయోగానికయ్యే ఖర్చు కూడా ఇందులో భాగమే.

చిన్న వ్యాపారం అంటే ఎంత చిన్నది?

ప్రభుత్వ లెక్కలో 'సూక్ష్మ' పరిశ్రమ అనిపించుకోవడానికి ఇప్పుడు పరిమితి పెద్దదే. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిర్వచనం ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది టర్నోవర్ 10 కోట్ల రూపాయలు దాటనంతవరకు అది సూక్ష్మ సంస్థే. వీధి చివర టిఫిన్ బండి, పది మంది పనిచేసే పచ్చళ్ల యూనిట్, నాలుగు యంత్రాల ప్రింటింగ్ ప్రెస్ అన్నీ ఆ ఒక్క గొడుగు కిందికే వస్తాయి. వీటన్నిటికీ ఒకే సలహా పనికిరాదు. ఇక్కడ మాట్లాడుతున్నది అట్టడుగు మెట్టు గురించి. ఇంటిల్లిపాదీ పనిచేసి, మహా అయితే మరో నలుగురైదుగురికి జీతం ఇచ్చే వ్యాపారాల గురించి.

ఈ మెట్టు మీద ఉన్నవాళ్లకి పెద్ద కంపెనీకి లేని ఇబ్బంది ఒకటుంది. పెద్ద కంపెనీ పది ప్రయోగాలు చేసి తొమ్మిది పోగొట్టుకున్నా పదోదాంతో రాబట్టుకోగలదు. ఇంటి ఖర్చు, కొట్టు ఖర్చు ఒకే గల్లాపెట్టెలోంచి తీసేవాళ్లకి ఒక్క ప్రయోగం బెడిసికొడితే పిల్లల ఫీజు ఆగుతుంది. కాబట్టి వాళ్ల విషయంలో సృజన గురించి మాట్లాడితే ధైర్యం గురించి మాత్రమే మాట్లాడి ఊరుకోకూడదు. ఎక్కడ మారిస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ కదలిక వస్తుందో చూడాలి.

ఆసు: చీర మొత్తం ఒక్క పని దగ్గర ఆగింది

పోచంపల్లి చీర మగ్గం మీద తయారవుతుందని అందరికీ తెలుసు. మగ్గం ఎక్కకముందు జరిగే పని బయటివాళ్లకి పెద్దగా తెలియదు. ఈ నేతలో నూలుకి ముందే రంగు వేస్తారు. బొమ్మ ఎక్కడ రావాలో లెక్కగట్టి, దారాలను కట్టలుగా చేసి, రంగు అంటకూడని చోట గట్టిగా కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. అంతకంటే ముందు నూలును ఒక వరుసలో పేర్చుకోవాలి. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం మీద, మధ్యలో ఉన్న మేకు నుంచి అంచున ఉన్న మేకులకు దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. అదే ఆసు పోయడం.

ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేసేవారు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే భుజం, మోచెయ్యి పట్టేసేవి. నేసేవాడికి నైపుణ్యం ఉన్నా, మగ్గం ఖాళీగా ఉన్నా, కొనేవాడు ఎదురుచూస్తున్నా రోజుకు ఎన్ని చీరలకు నూలు సిద్ధమవుతుందో చివరికి ఆ భుజమే తేల్చేది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం పట్టుకున్నది ఈ ముడినే. కొత్త డిజైన్ జోలికి గానీ కొత్త మగ్గం జోలికి గానీ ఆయన పోలేదు. తల్లి లక్ష్మి పడుతున్న భుజం నొప్పి దగ్గర మొదలుపెట్టి, ఆ చేతి కదలికను యంత్రంతో చేయించాలని 1992లో పని ఆరంభించారు. యంత్రం పూర్తయింది 1999లో. మధ్యలో డబ్బులు అయిపోయాయి, పని ఆగింది, హైదరాబాద్ వెళ్లి కూలికి పనిచేస్తూ కొంచెం కొంచెంగా కూడబెట్టి భాగాలు చేయించుకున్నారు. చివరికి మిగిలిపోయిన ఒక కదలిక ఎలా రావాలో వేరే యంత్రం పనితీరు చూశాక తట్టింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు తగ్గింది. తల్లి పేరుతోనే అది లక్ష్మీ ఆసు యంత్రం అయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

గంటలు తగ్గడం ఇందులో పైకి కనిపించే లాభం. దాని వెనక ఇంకొకటి ఉంది. ఆసు చేత్తో పోసే రోజుల్లో డిజైన్ మారిస్తే భయం, ఎందుకంటే ఒక చీర తప్పితే ఒక పూట మొత్తం పోయినట్టే. ఆసు తేలికయితే కొత్త డిజైన్ ప్రయత్నించే ఖర్చు కూడా తగ్గుతుంది. అంటే ఒక చోట ముడి విప్పితే మిగతా చోట్ల కొత్తదనానికి దారి దొరుకుతుంది. దీనికి పట్టిన ఏడేళ్లను కూడా లెక్కలో పెట్టాలి. ఆ ఏడేళ్లూ ఖర్చు ఆ కుటుంబమే మోసింది. చిన్నవాళ్ల ప్రయోగాలకు మొదటి రూపాయి ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు ఈ ఉదాహరణ ఇచ్చే జవాబు అంత సంతోషకరంగా లేదు.

సాచెట్: సరుకు పాతదే, కొలత మారింది

ఆసు ముడి తయారీలో ఉంది. కొనేవాడి జేబులో ఉండే ముడి వేరు. దానికి తమిళనాడులోని కడలూరు మంచి ఉదాహరణ. అక్కడ చిన్న వ్యాపారం చేసిన చిన్ని కృష్ణన్, డబ్బున్నవాళ్లు వాడే వస్తువు కూలివాళ్లకు, రిక్షా తొక్కేవాళ్లకు కూడా అందాలని ఆలోచించి షాంపూను చిన్న సాచెట్‌లో పెట్టారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో 15 వేల రూపాయలతో సొంతంగా చిక్ షాంపూ మొదలుపెట్టారు. అదే తర్వాత కెవిన్‌కేర్ కంపెనీ అయింది.

షాంపూ సీసా కొనలేకపోవడానికి కారణం షాంపూ ఖరీదు ఒక్కటే కాదు. రోజు కూలీ తెచ్చుకునేవాడు నెలకు సరిపడా వస్తువును ఒకేసారి కొనలేడు. అతని ఆదాయం రోజువారీ, సీసా మాత్రం నెలవారీ. సాచెట్ ఈ రెండిటినీ ఒకే కొలతకు తెచ్చింది. కొట్టువాడికీ సౌకర్యమే, తక్కువ డబ్బుతో దండలా గుమ్మానికి వేలాడదీసి అమ్ముకోవచ్చు. మన కిరాణా కొట్లకు ఇది కొత్త కూడా కాదు. పావలా టీపొడి, అర్ధరూపాయి జీలకర్ర కాగితం పొట్లం కట్టి ఇచ్చిన అలవాటు తరాల నుంచీ ఉంది. ఆ పొట్లం తర్కాన్ని ద్రవానికి పట్టించడమే ఇక్కడి సృజన.

చిక్ అమ్మకాలు పెరిగిన తీరు ఇంకా ఆసక్తికరం. ఏ కంపెనీ ఖాళీ సాచెట్లయినా అయిదు తెచ్చిస్తే ఒక చిక్ సాచెట్ ఉచితం అన్నారు. కొన్నాళ్లు పోయాక, చిక్ ఖాళీ సాచెట్లు తెస్తేనే ఇస్తామన్నారు. ఊరందరికీ శాంపిల్ పంచితే సగం వృథా అవుతుంది. ఖాళీ సాచెట్ తెచ్చినవాడు అప్పటికే షాంపూ వాడుతున్నవాడు, అంటే సరిగ్గా కావలసిన మనిషి. ప్రచారానికి పెట్టిన ఖర్చు అతని కోసమే అయింది, దారినపోయేవాడి మీద వృథా కాలేదు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

ఈ కథకు చీకటి వైపు కూడా ఉంది. పెద్ద కంపెనీలన్నీ సాచెట్ బాట పట్టాయి. పలుచని పొరలు కలిపి అతికించిన ఆ ప్యాకెట్‌ను రీసైకిల్ చేయడం కష్టం. ఏ ఊరి మురుగు కాలువ చూసినా అవే తేలుతుంటాయి. కొనేవాడి ముడి విప్పిన ఆలోచనే ఊరికి ఇంకో ముడి వేసింది. ఇప్పుడు ఎవరైనా చిన్న ప్యాకింగ్ గురించి ఆలోచిస్తుంటే ఈ రెండో లెక్క కూడా మొదటే వేసుకోవాల్సి ఉంటుంది.

పూతరేకు: మార్పును చివరికి వాయిదా వేయడం

కోనసీమ జిల్లా ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. దాని తయారీ రెండు విడి పనులు. మొదటిది రేకు తీయడం. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలుచని పిండిలో గుడ్డ ముంచి, కింద ఎండు కొబ్బరాకుల మంట ఉన్న బోర్లించిన కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. క్షణంలో కాగితం లాంటి రేకు తయారవుతుంది. మంట హెచ్చుతగ్గులు, పిండి జారుడు, చేతి వేగం ఏది తప్పినా రేకు చిరుగుతుంది. రెండోది చుట్టడం. తడి గుడ్డతో రేకును కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి, మడత పెడతారు.

ఈ రెండు పనులు విడివిడిగా ఉండటంలోనే వ్యాపార రహస్యం ఉంది. ఎండు రేకులు కొన్నాళ్లు నిల్వ ఉంటాయి. ఇళ్లలో తీసిన రేకులు కట్టలుగా దుకాణాలకు చేరతాయి. ఆర్డర్ వచ్చాక చుట్టుకోవచ్చు. అందుకే బెల్లం రేకు, డ్రైఫ్రూట్ రేకు, చాక్లెట్ రేకు, పంచదార లేని రేకు ఇన్ని రకాలు పుట్టుకొచ్చాయి. కొత్త రకం ప్రయత్నించాలంటే లోపలి పొడి మారిస్తే చాలు. కుండ, పిండి, పొయ్యి, నైపుణ్యం ఏవీ మారవు. పది డబ్బాలు చేసి చూడొచ్చు, పోతే పది డబ్బాలే పోతాయి.

పాకం పట్టాక రకం మార్చలేని మిఠాయితో పోలిస్తే ఇది ఎంత వెసులుబాటో తెలుస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలు కూడా ఈ పద్ధతినే వేరే పేర్లతో పాటిస్తాయి: అందరికీ సమానమైన భాగాన్ని ముందే చేసిపెట్టుకుని, తేడాను చివరి అడుగులో కలపడం. పెయింట్ కొట్టులో తెల్ల డబ్బాలో అప్పటికప్పుడు రంగు కలిపి ఇచ్చే యంత్రం చేసేదీ ఇదే. జాకెట్లు కుట్టేవాళ్లు, కేకులు చేసేవాళ్లు, శుభలేఖలు అచ్చువేసేవాళ్లు తమ పనిలో 'రేకు' ఏది, 'పొడి' ఏది అని విడదీసి చూసుకోగలిగితే రకాలు పెంచడం అంత ఖరీదైన పనేమీ కాదు.

అయితే రకాలు ఎన్ని పెరిగినా రేకు తీసే చేతులే మూలం. ఆ పొయ్యి ముందు వేడిలో, పొగలో కూర్చునేది ఆడవాళ్లు. డబ్బా మీద కొత్త పేరు పడినప్పుడు పెరిగే ధరలో వాళ్ల వాటా దానంతటదే పెరగదు. ఈ అసమానత సరికాకపోతే రేపు ఆ పని నేర్చుకోవడానికి తర్వాతి తరం రాకపోవచ్చు. అప్పుడు చాక్లెట్ పొడి ఎంత ఉన్నా ఉపయోగం ఉండదు.

ఏటికొప్పాక: ముడి సరుకులో వచ్చిన మార్పు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి (లేత్ మీద తిప్పి చెక్కి), తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తి బొమ్మలు చేస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. రసాయన రంగులు చవకగా దొరకడం మొదలయ్యాక పాత రంగులు దాదాపు మూలనపడ్డాయి. ఆ ఊరికే చెందిన సి.వి. రాజు విత్తనాలు, బెరళ్లు, వేర్లు, ఆకుల నుంచి రంగు తీసే పద్ధతులను మళ్లీ వెలికితీసి కళాకారులతో వాడించారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే.

ఇక్కడ బొమ్మ ఆకారం కంటే రంగు ఎక్కువ పనిచేసింది. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. రంగులో సీసం ఉంటే ఏమవుతుందో తల్లిదండ్రులకు తెలిసేకొద్దీ 'ఇది ఏ రంగు?' అన్న ప్రశ్న ధర కంటే ముందుకొచ్చింది. ప్లాస్టిక్ బొమ్మతో ధరలో పోటీ పడితే చేతిపని ఓడిపోతుంది. భరోసా విషయంలో పోటీ పెడితే పరిస్థితి మారుతుంది. అంటే పోటీ జరిగే మైదానాన్నే మార్చారు.

చట్టం కూడా ఈ మధ్యలోకి వచ్చింది. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పరీక్షల ఖర్చు చిన్న కళాకారుడు మోయలేడు కనుక, హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువుల అధీకృత వాడుకదారులకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు లేకపోతే సహజ రంగుల శ్రమంతా కాగితాల దగ్గర ఆగిపోయేది. అంకుడు కర్ర సరఫరా మాత్రం ఇంకా చిక్కే. చెట్టు పెరగడానికి పట్టే ఏళ్లను ఏ ఆలోచనా తగ్గించలేదు. నాటడం ఒక్కటే దారి.

కర్రీ పాయింట్: ప్రయోగం ఎంతకు చేయాలి?

హైదరాబాద్‌లో, విజయవాడలో, చిన్న పట్టణాల్లో కూడా కనిపించే కర్రీ పాయింట్ ఎవరు కనిపెట్టారని అడిగితే ఒక పేరు చెప్పలేం. ఆలోచన మాత్రం చాలా నిశితమైనది. అన్నం కుక్కర్‌లో పెట్టడానికి పెద్ద శ్రమ లేదు. కూర తరగడం, వేయించడం, పప్పు, సాంబారు, పచ్చడి చేయడమే ఆఫీసు నుంచి వచ్చినవాళ్లకి భారం. హోటల్ పెట్టాలంటే బల్లలు, సర్వర్లు, ఎక్కువ అద్దె ఉండే జాగా కావాలి. ఆ మొత్తంలోంచి భారమైన భాగం ఒక్కటి తీసి అమ్మితే? పది అడుగుల కొట్టు, గిన్నెలు, కవర్లు చాలు.

ప్రయోగం ఖర్చును ఇక్కడ ఒక ఊహాలెక్కతో చూడొచ్చు. పనసపొట్టు కూర కొత్తగా పెడదామనుకున్నారు. 40 ప్యాకెట్లకు సరుకు ఖర్చు 1,200 రూపాయలు, ప్యాకెట్ ధర 40 అనుకుందాం. కనీసం 30 ప్యాకెట్లు అమ్ముడైతేనే సరుకు ఖర్చు వెనక్కొస్తుంది. మొదటిరోజే 40 చేసి 15 అమ్మితే 600 నష్టం, పైగా ఆ కూర ఇక ఎప్పుడూ పెట్టకూడదన్న నిర్ణయం. అదే 10 ప్యాకెట్లు చేసి, రోజూ వచ్చేవాళ్లకు ముందురోజే చెప్పి ఉంచితే పెట్టుబడి 300. నాలుగే అమ్మినా పోయేది 140. పైగా ఎవరు కొన్నారో, రెండోసారి అడిగారో లేదో తెలుస్తుంది. ఆ 140 రూపాయలకు వచ్చిన సమాచారం విలువైనది.

పెద్ద సంస్థలు సర్వేలతో తెలుసుకునేది చిన్న కొట్టువాడు గల్లా ముందు నిలబడే తెలుసుకోగలడు. కొనేవాడి మొహం కనిపించడం అతనికున్న బలం. ఏ కూర ముందు అయిపోయింది, ఏది అడిగి లేదని వెళ్లిపోయారు అన్నది రాత్రి ఒక పుస్తకంలో రాసుకునే అలవాటు చాలా కొట్లలో లేదు. అమ్మిన లెక్క రాస్తారు గానీ అమ్మలేకపోయిన లెక్క రాయరు. కొత్త ఆలోచనలు ఎక్కువగా ఆ రెండో పద్దులోనే దొరుకుతాయి.

నకలు: ఆలోచన ఒకరిది, లాభం ఇంకొకరిది

చిన్న వ్యాపారంలో కొత్తదనం ఎక్కువ రోజులు దాగదు. పక్క వీధిలో రెండో కర్రీ పాయింట్ నెలలో వచ్చేస్తుంది. పోచంపల్లి బొమ్మను పవర్‌లూమ్ బట్ట మీద అచ్చువేసి తక్కువ ధరకు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. చట్టం కొంతవరకే కాపాడుతుంది. పేటెంట్ 20 ఏళ్లు రక్షణ ఇస్తుంది, కానీ దరఖాస్తుకు ముందే వస్తువును బయటపెడితే సాధారణంగా ఆ అవకాశం పోతుంది. వంట చేసే విధానం లాంటివి ఆ పరిధిలోకి రావడం కష్టం. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ఆ ఊళ్లోనే ఉన్న ఇద్దరి మధ్య పోటీని ఆపదు. అది పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. విడిగా ప్రతి ఉత్పత్తిదారూ అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి.

ట్రేడ్‌మార్క్ వీటిలో తేలికైనది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి (సరుకుల వర్గానికి) 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. పేరు మీద ఆధారపడే పచ్చళ్లు, మిఠాయిల వ్యాపారాలు పేరు పాతబడ్డాక, గొడవ వచ్చాక దీని గురించి ఆలోచిస్తున్నాయి. బోర్డు రాయించే రోజే చేయాల్సిన పని ఇది.

రీల్ ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు?

ప్రచారంలో సృజనకూ చోటుంది. తాపేశ్వరం మిఠాయివాళ్లు ఖైరతాబాద్ గణపతికి కొన్నేళ్లపాటు వేల కిలోల లడ్డూ చేసి పంపారు. చేసేది మిఠాయి, చూపించిందీ మిఠాయే. అంత లడ్డూ చేయగలవాళ్లకు పెళ్లి ఆర్డర్ ఒక లెక్కా అన్న నమ్మకం చూసినవాళ్లకు కలుగుతుంది. ప్రచారం వాళ్ల సామర్థ్యానికి రుజువుగా నిలిచింది.

తయారీలో ముడి అలాగే ఉండగా ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగితే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. రోజుకు 50 డబ్బాలు చేయగల ఇంటికి ఒక వీడియో వల్ల 500 ఆర్డర్లు వస్తే నాణ్యతో గడువో ఏదో ఒకటి జారుతుంది. టెన్షన్‌లో కొత్తవాళ్లను పనికి పెట్టుకుంటారు, రుచి మారుతుంది, పాత ఖాతాదారులు కూడా పోతారు. ముందు తయారీలో వెసులుబాటు, తర్వాత ప్రచారం అన్న వరుస చాలాచోట్ల తలకిందులవుతోంది.

పోచంపల్లి ప్రాంతంలో ఆసు యంత్రం వచ్చిన ఇళ్లలోనూ ముడి పూర్తిగా పోలేదు, జాగా మార్చుకుంది. నూలు త్వరగా సిద్ధమవుతోంది గానీ చిటికి కట్టడం ఇప్పటికీ చేతిపనే. సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు చుట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకో రంగుకు కట్టాలి. గీత ఒక్క దారం జరిగినా మగ్గం మీద బొమ్మ చెదురుతుంది. ఆ తర్వాత చీర అమ్మకం, అచ్చు బట్టకూ అసలు నేతకూ తేడా చెప్పలేని కొనుగోలుదారు ఉన్నారు. ఇప్పుడు ఎవరైనా అక్కడ పని మొదలుపెట్టాలంటే చూడాల్సింది ఈ రెండు చోట్లే.